సరిహద్దు దాటిన తూటా

తెలంగాణా రైతాంగ పోరాటం మీద వచ్చిన కథలూ నవలలూ పాఠం చెబుతున్న తరగతిలో ఒక విద్యార్థి లేచి నన్నొక ప్రశ్న వేశాడు. "కృష్ణా జిల్లానుంచి నల్లగొండకు తూటాలు మోసుకుపోయినవాడు ఏ చట్టాన్ని మీరినట్లు మాస్టారూ? మన చట్టాన్నా, నిజాం చట్టాన్నా? అసలది రెండు దేశాల నడుమ సరిహద్దేనా?"

నేను తెలుగు ఎం.ఏ. చదివినవాణ్ణి. శిక్షాస్మృతికంటె శృంగారనైషధం నాకు దగ్గర. "అది పాలకవర్గాల చట్టం. మీరితే తప్పేముంది?" అని అప్పటికి తప్పించుకున్నాను. ఆ సమాధానం అబద్ధమేమీ కాదు, కాని బద్ధకపు సమాధానం. మన విమర్శకుల్లో ఈ బద్ధకం కొంచెం ఎక్కువే. ఫలానా చట్టం పాలకవర్గ సాధనం అని వొక ముక్కలో తేల్చివేసి ఊరుకుంటాము. ఆ సాధనానికి పదునెక్కడుందో, పిడి ఎక్కడుందో, ఎవరు పట్టుకుంటే ఎవరికి తెగుతుందో తిరగేసి చూడము. ఆ విద్యార్థి పుణ్యమా అని నేను కొన్నాళ్ళపాటు కావ్యాలు కట్టిపెట్టి ఆయుధాల చట్టాలు చదివాను. చదవగా తేలిందేమిటంటే, తూటా సరిహద్దు దాటరాదని ఏ చట్టమూ ఎన్నడూ అనలేదు. ఎవరి చేతిలో దాటవచ్చో మాత్రమే నిర్ణయిస్తూ వచ్చింది.

కథ 1878లో మొదలుపెట్టాలి. ఆ ఏడాది మార్చి నెలలో లిట్టన్ ప్రభుత్వం వెంటవెంటనే రెండు చట్టాలు తెచ్చింది. ఒకటి దేశభాషా పత్రికల నోరు నొక్కే చట్టం. రెండవది ఆయుధాల చట్టం. మనం రచయితలం గనుక మొదటిదాన్ని బాగా గుర్తుంచుకున్నాము, సాహిత్య చరిత్రల్లో దాన్ని తిట్టిపోశాము. అది నాలుగేళ్ళయినా బతకలేదు, రిప్పన్ వచ్చి ఎత్తివేశాడు. రెండవది మాత్రం వలస పాలన అంతా నడిచి, స్వాతంత్ర్యం వచ్చిన తర్వాత కూడా పదిహేనేళ్ళు నడిచి, 1962 అక్టోబరులో గాని కన్నుమూయలేదు. 84 సంవత్సరాలు! దాన్ని గురించి మన సాహిత్యంలో ఎన్ని పేజీలున్నాయి?

ఆ చట్టంలో 'మందుగుండు' అన్న మాటకు ఇచ్చిన నిర్వచనం చదివితే వలసప్రభుత్వపు భయం అక్షరాల్లో కనబడుతుంది. తుపాకి తూటా ఒక్కటే మందుగుండు కాదు. రాకెట్లు, డైనమైటు సరే. వాటి పక్కనే చెకుముకి రాళ్ళూ, నాటు తుపాకిలో మందు కూరేటప్పుడు అడ్డుపెట్టే ఉండలూ, మీట నొక్కితే పేలే చిన్న రాగి టోపీలూ, తూటాలో ఏ భాగమైనా, తూటా చేసే యంత్రమైనా - అన్నీ మందుగుండే. సీసం, గంధకం, సూరేకారం మాత్రం వదిలేశారు. వదిలేసి, కావలసినచోట వాటిని కూడా యుద్ధసామాగ్రిగా ప్రకటించే అధికారం దగ్గర పెట్టుకున్నారు. అడవిపందిని తోలుకోవడానికి తాతలనాటి తుపాకి ఉంచుకున్న రైతు మొలలో నాలుగు రాగిటోపీలు దొరికితే, చట్టం దృష్టిలో అతని దగ్గర మందుగుండు దొరికినట్లే.

ఇక ఆరవ సెక్షను. లైసెన్సు లేకుండా ఎవరూ సముద్రం మీదగాని నేలమీదగాని బ్రిటిషు ఇండియాలోకి ఆయుధాలుగాని మందుగుండుగాని తేరాదు, బయటికి పట్టుకుపోరాదు. ఇంతవరకు అందరికీ ఒకటే. కాని వెంటనే ఒక వెసులుబాటు ఉంది. వాటిని ఉంచుకునే హక్కు చట్టప్రకారం కలవాడు తన సొంత వాడకానికి 'సహేతుకమైన పరిమాణం'లో తెచ్చుకోవచ్చు, తీసుకుపోవచ్చు. అనుమానం వస్తే కస్టమ్సు కలెక్టరు దాన్ని ఆపి, ప్రభుత్వపు ఆజ్ఞ కోసం రాస్తాడు. సరే, ఉంచుకునే హక్కు ఎవరికుంది? చట్టం కింద చేసిన నిబంధనల ప్రకారం యూరోపియన్లకూ ఆంగ్లో ఇండియన్లకూ లైసెన్సు బెడద లేదు. సంస్థానాధీశులకూ మినహాయింపు ఉంది. జాతిని బట్టి ఇచ్చిన ఈ మినహాయింపును మొదటి ప్రపంచయుద్ధం ముగిసిన తర్వాత గాని తొలగించలేదు. నీలగిరులకు పులివేటకు వచ్చిన దొర పెట్టెనిండా తూటాలతో మద్రాసు రేవులో దిగితే అది సహేతుకమైన పరిమాణం. రైతు మొలలోని నాలుగు టోపీలకు ఆ విశేషణం వర్తించదు, ఎందుకంటే అతను ఆ వాక్యంలోకి ప్రవేశించే అర్హతే లేనివాడు. 1887లో మద్రాసులో జరిగిన మూడవ కాంగ్రెసు మహాసభ ఈ చట్టం మీద తీర్మానం చేసింది. ఆ సభలో కూర్చున్న పెద్దలకు నొప్పి కలిగించింది తమవంటి మర్యాదస్థులను కూడా అనుమానిస్తున్నారన్నదే గాని, రైతు టోపీల సంగతి కాదు.

శిక్ష మాట కూడా చెప్పాలి. మామూలుగా ఆరవ సెక్షనును ఉల్లంఘిస్తే మూడేళ్ళవరకు ఖైదు. అదే పని ప్రభుత్వోద్యోగి కంట పడకూడదన్న ఉద్దేశ్యంతో చేసినట్లు రుజువైతే ఏడేళ్ళవరకు. చాటుగా మోసినందుకు అదనపు శిక్షన్నమాట.

ఇప్పుడు మా విద్యార్థి ప్రశ్నకు దగ్గరగా వస్తాను. ఆరవ సెక్షను కింద ఒక చిన్న వివరణ ఉంది. బ్రిటిషు ఇండియాలో ఒక భాగంనుంచి మరొక భాగానికి, మధ్యలో బ్రిటిషు ఇండియాకు చెందని నేల దాటి ఆయుధాలు తీసుకుపోతే, అవి దేశంనుంచి ఎగుమతి అయి తిరిగి దిగుమతి అయినట్లే లెక్క అని. కాగితం మీద ఇది గుమాస్తా చాదస్తంలాగా కనిపిస్తుంది. మన తెలుగుదేశపు పటం పక్కన పెట్టుకుని చదివితే ఒళ్ళు జలదరిస్తుంది.

మునగాల పరగణా తెలియని తెలుగు అధ్యాపకుడుండడు. కొమర్రాజు లక్ష్మణరావుగారు దివానుగా ఉన్న జమీందారీ అది. విజ్ఞానచంద్రికా మండలి తలపెట్టిన నాటి పెద్దల పోషణలో మునగాల రాజావారి పేరు ప్రతి సాహిత్య చరిత్రలోనూ ఉంటుంది. ఆ పరగణా బ్రిటిషు ఇండియాలోది, కృష్ణా జిల్లాలోది. కాని నాలుగువైపులా ఉన్నది నిజాం నేల. బెజవాడనుంచి బయలుదేరి జగ్గయ్యపేట దాటితే నిజాం రాజ్యం, కోదాడ నిజాంది, కోదాడ దాటి మునగాల చేరితే మళ్ళీ ఇంగ్లీషువారి రాజ్యం. ఆ దారిన మూట మోసేవాడు ఒకే పొద్దులో దేశంనుంచి బయటపడి మళ్ళీ దేశంలో ప్రవేశించేవాడు. మూటలో విజ్ఞానచంద్రిక పుస్తకాలుంటే ఫరవాలేదు. పది తూటాలుంటే ఒక ఎగుమతి, ఒక దిగుమతి.

తిరకాసు ఇటునుంచీ ఉంది. కృష్ణా జిల్లా నడిబొడ్డున, నందిగామ ప్రాంతంలో, పరిటాలా దాని చుట్టుపక్కల కొన్ని గ్రామాలూ నిజాంవి. సర్కారు జిల్లాలను కంపెనీకి వదులుకున్నప్పుడు వజ్రాల గనులున్నాయని నవాబు ఆ ఊళ్ళను మాత్రం తన దగ్గర ఉంచుకున్నాడు. వజ్రాలు అయిపోయాయి, సరిహద్దు మిగిలింది. పరిటాల రైతు నందిగామ సంతకు పోతే విదేశయాత్రే. వీటికి తోడు నిజాం ప్రభుత్వపు సుంకాల శాఖ 'కరోడ్‌గిరి' వారి నాకాలు దారుల మీద కూర్చుని ఉండేవి. బట్టల మూటకైనా, బెల్లం బండికైనా అక్కడ ఆగక తప్పదు.

రైలు సంగతి ఇంకా తమాషా. మద్రాసునుంచి బొంబాయి పోయే రైలు తుంగభద్ర దాటిన తర్వాత రాయచూరు, గుల్బర్గాల మీదుగా నిజాం రాజ్యంలో నడిచేది. ప్రయాణికుడు పెట్టెలోంచి కాలు కింద పెట్టనక్కరలేదు, చట్టప్రకారం అతని తూటాలు బయటికి పోయి లోపలికి వచ్చినట్లే. అయితే రైలుకట్ట వెంబడి నేలమీద న్యాయాధికారాన్ని ఇంగ్లీషువారు నిజాం చేత రాయించుకున్నారు గదా, అది ఎవరి నేల? ఈ ప్రశ్న 1897లో లండనులోని ప్రీవీ కౌన్సిలు దాకా పోయింది, ఆయుధాల కేసులో కాదు, మరొక నేరం విషయంలో. సిమ్లా మేజిస్ట్రేటు వారంటు పట్టుకుని శంకరపల్లి రైలుస్టేషనులో ఒకాయనను అరెస్టు చేశారు. నిజాం అప్పగించిన అధికారం రైల్వే పాలనకు సంబంధించినంతవరకే, ఆ నేల నిజాందే, అరెస్టు చెల్లదు అని కౌన్సిలు తీర్పు చెప్పింది. సామ్రాజ్యపు అత్యున్నత న్యాయస్థానమే హైదరాబాదును ఆవలి నేలగా గుర్తించిందన్న మాట. యాభై ఏళ్ళ తర్వాత ఇదే హైదరాబాదు వేరే దేశమా కాదా అని ఐక్యరాజ్యసమితిలో వాదించుకోవలసి వచ్చినప్పుడు ఈ పాత సంగతులన్నీ వెనకనుంచి గొణుగుతూనే ఉన్నాయి.

అయితే సరిహద్దు చట్టం ఎంత గట్టిగా కాపలా కాసిందో తెలుసుకోవాలంటే తెలుగుదేశం వదిలి ఒకసారి కలకత్తా రేవుకు పోవాలి. 1914 ఆగస్టు 26. రాడా కంపెనీ అని తుపాకుల వర్తకులు, ఇంగ్లీషువారు. వారి పేర విదేశాలనుంచి 202 పెట్టెల ఆయుధాలూ మందుగుండూ వచ్చాయి. దిగుమతి లైసెన్సు ఉంది. సుంకం కాగితాలు సక్రమంగా ఉన్నాయి. కస్టమ్సు వ్యవహారాలు చూసే కంపెనీ గుమాస్తా శ్రీశ్ చంద్ర మిత్ర రేవులో సరుకు విడిపించి ఎద్దుబండ్ల కెత్తించాడు. గోదాముకు చేరినవి 192 పెట్టెలు. మిగిలినవి కూడా పట్టుకొస్తానని చెప్పి వెళ్ళిన గుమాస్తా మళ్ళీ కనబడలేదు. ఆ పది పెట్టెల్లో 50 మౌజర్ పిస్తోళ్ళూ 46,000 తూటాలూ ఉన్నాయి. గుమాస్తా విప్లవకారుల మనిషి.

ఈ సంఘటనను సాహసకృత్యంగా ఎందరో రాశారు. రౌలట్ కమిటీ 1918లో తన నివేదికలో కుట్రగా రాసింది. పంచిపెట్టిన పిస్తోళ్ళు ఆ తర్వాత 54 కేసుల్లో వాడబడ్డాయని లెక్క కూడా కట్టింది. 1915 సెప్టెంబరులో బాలసోరు దగ్గర బాఘా జతీన్ దళం పోలీసులతో పోరాడినప్పుడు వారి చేతుల్లో ఉన్నవి మౌజర్ పిస్తోళ్ళే. నా దృష్టి మాత్రం మరొక అంశం మీద నిలిచింది. ఆ 46,000 తూటాలు సరిహద్దు దాటినప్పుడు ఏ నేరమూ జరగలేదు! ఆరవ సెక్షను పూర్తిగా, తూచా తప్పకుండా పాటించబడింది. రేవులో అధికారులు చూడవలసిన కాగితాలన్నీ చూశారు. ఎందుకంటే ఆ చట్టానికి కంపెనీ పేరు కనిపిస్తుంది, లైసెన్సు నంబరు కనిపిస్తుంది. కొద్దిపాటి జీతానికి పెట్టెలు లెక్కపెట్టే గుమాస్తాగాని, బండితోలే మనిషిగాని దానికి కనబడరు. కూలివాడి చేతుల మీదుగా సాగని వర్తకం ఏదీ లేదని చట్టం రాసినవాళ్ళకు తోచలేదు.

సముద్రానికి ఆవలి కథ కూడా ఉన్నది. దాన్ని క్లుప్తంగా చెప్పి వస్తాను. మన గదర్ వీరుల కోసం జర్మన్లు అమెరికాలో కొన్న రైఫిళ్ళూ లక్షలాది తూటాలూ 1915 మార్చిలో శాండియాగో రేవులో 'ఆనీ లార్సెన్' అనే తెరచాప ఓడ కెక్కాయి. కాగితాల మీద గమ్యం మెక్సికో. పసిఫిక్‌లో ఒక నిర్జన ద్వీపం దగ్గర 'మావెరిక్' అనే మరొక ఓడ దాన్ని కలుసుకోవాలి. కలుసుకోలేకపోయాయి. తిరిగి తిరిగి జూన్ నెలాఖరులో వాషింగ్టన్ రాష్ట్రపు రేవు చేరేసరికి అధికారులు సరుకు స్వాధీనం చేసుకున్నారు. 1917 నవంబరులో శాన్‌ఫ్రాన్సిస్కోలో విచారణ మొదలయింది. అమెరికా తటస్థతకు భంగం కలిగించి, స్నేహదేశం మీదికి దండయాత్రకు కుట్ర పన్నారని అభియోగం. అదే రోజుల్లో, తటస్థంగా ఉన్న అదే అమెరికా ఫ్యాక్టరీలనుంచి ఇంగ్లండుకు తూటాలు ఓడలకొద్దీ వెళ్ళాయి. అది నేరం కాదు. 1907 నాటి హేగ్ ఒప్పందం ప్రకారం తటస్థ దేశంలోని ప్రైవేటు వర్తకుడు యుద్ధం చేస్తున్నవాడికి ఆయుధాలమ్మితే ప్రభుత్వం ఆపనక్కరలేదు. అమ్ముకుంటే వర్తకం, సొంత దేశవిముక్తికి పట్టుకుపోతే దండయాత్ర! మన దరిశి చెంచయ్యగారు ఆ గదర్ పార్టీలో పనిచేసి జైళ్ళు చూసినవారే. 'నేనూ నా దేశం' చదివినవారికి ఆ వాతావరణం తెలుసు. ఆ పుస్తకాన్ని మన కాలేజీల్లో ఎందుకు పాఠ్యగ్రంథం చేయరో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

ఆఫ్రికా వారి సంగతి మనకంటె అన్యాయం. 1890లో బ్రస్సెల్సులో యూరపు రాజ్యాలు కూర్చుని, బానిస వ్యాపారం అరికట్టే పేరుతో, ఆఫ్రికా ఖండం మధ్యభాగంలోకి - ఉత్తరాన 20వ అక్షాంశంనుంచి దక్షిణాన 22వ అక్షాంశం దాకా - మేలురకపు తుపాకులూ వాటి తూటాలూ పోకుండా నిషేధించాయి. పాతకాలపు చెకుముకి తుపాకులూ, వర్తకపు ముతక మందూ మాత్రం అమ్ముకోవచ్చు. మనిషిని కొనరాదన్న మంచిమాట ఆ ఒప్పందంలో ఉన్నది నిజమే. దానితోబాటు, ఎదురు తిరిగితే ఏ తుపాకితో ఎదురుతిరగాలో కూడా నిర్ణయించి పెట్టారు.

ఇక 1947. ఆగస్టు 15 దాటింది. ఆయుధాల చట్టం దాటలేదు. 'బ్రిటిషు ఇండియా' అన్న మాటలు కొట్టివేసి వేరే మాటలు పెట్టారు, సెక్షన్లు అవే. నిజాం ఇండియాలో చేరనన్నాడు. సెప్టెంబరు 11న రావి నారాయణరెడ్డి, బద్దం ఎల్లారెడ్డి, మఖ్దూం మొహియుద్దీన్ సాయుధ పోరాటానికి పిలుపు ఇచ్చారు. నవంబరు 29న ఢిల్లీకీ నిజాంకూ యథాతథ ఒప్పందం కుదిరింది.

ఆ నాటికి పల్లెల చేతిలో ఏమున్నది? వడిసెల, గుత్పకర్ర, కారప్పొడి, కొన్ని బర్మార్లు. 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్యను కాల్చిన తుపాకి మాత్రం జమీందారు మనుషులది. గడీల్లో తుపాకులకు ప్రభుత్వపు అనుమతి ఉంది. రజాకార్ల తుపాకులకు అనుమతితోబాటు అండ కూడా ఉంది. దళాలు మొదట తుపాకులు సంపాదించింది గడీలనుంచే, తర్వాత పోలీసులనుంచి, రజాకార్లనుంచి. తుపాకి ఒకసారి దొరికితే ఏళ్ళు పనిచేస్తుంది. తూటా పేలితే అయిపోయింది. మన నవలల్లో వీరులు ఎడతెగకుండా కాలుస్తూంటారు. వాస్తవంలో దళ నాయకుడికి పెద్ద తలనొప్పి లెక్కే, ఎన్ని మిగిలాయి అన్న లెక్క. ఈ లెక్కను కథావస్తువు చేసిన రచయిత నాకింతవరకు కనబడలేదు.

అందుకే సరిహద్దు ముఖ్యమైంది. కృష్ణా జిల్లా అంచుల్లో శిబిరాలు వెలిశాయి. స్టేటు కాంగ్రెసువారివీ ఉన్నాయి, కమ్యూనిస్టులవీ ఉన్నాయి. కరోడ్‌గిరి నాకాల మీద దాడులు జరిగాయి. ఇవతలనుంచి అవతలికి మనుషులూ, మందులూ, కరపత్రాలూ, తూటాలూ పోయాయి. ఆ మోసుకుపోయేవాడి చట్టపరమైన స్థితి ఏమిటి? ఇవతల దొరికితే లైసెన్సు లేని ఎగుమతి, చాటుగా చేశాడు గనుక ఏడేళ్ళవరకు. అవతల దొరికితే, రజాకారు రాజ్యంలో విచారణదాకా పోయే అదృష్టం ఉంటే గదా! మరొక విచిత్రం కూడా చెప్పాలి. 1948 మేలో నిజాం ప్రభుత్వం కమ్యూనిస్టు పార్టీ మీద నిషేధం ఎత్తివేసింది. ఇవతల మద్రాసు ప్రభుత్వం అదే ఏడాది మొదటినుంచీ కమ్యూనిస్టులను పట్టి జైళ్ళలో వేస్తున్నది. దానితో నిజాం ఎత్తుగడ ఫలించిందని కాదు, రైతులు పోరు ఆపనూ లేదు. కాని కాగితం మీద చూస్తే, ఒకే మనిషి ఒక అడుగు అటు వేస్తే చట్టబద్ధమైన పార్టీ సభ్యుడు, ఇటు వేస్తే పోలీసులు వెదికే నేరస్థుడు.

ఇదే కాలంలో, ఇదే సరిహద్దుకు చాలా పైన, ఆకాశంలో మరొక రవాణా జరిగింది. సిడ్నీ కాటన్ అని ఆస్ట్రేలియా వైమానికుడు. రెండవ యుద్ధానికి ముందు జర్మనీని రహస్యంగా ఫోటోలు తీసి పేరు తెచ్చుకున్నవాడు. యుద్ధంలో బాంబులు వేసిన లాంకాస్టర్ విమానాన్ని మామూలు రవాణాకు మార్చి లాంకాస్ట్రియన్ అన్నారు. అటువంటివాటిని సంపాదించి, 1948 వేసవి చివరినుంచి సెప్టెంబరు దాకా, కరాచీనుంచి రాత్రిళ్ళు భారత భూభాగం మీదుగా ఎగిరి బీదరులోనూ వరంగల్లులోనూ దిగి, నిజాం సైన్యానికి ఆయుధాలూ మందుగుండూ దించిపోయాడు. డబ్బు నిజాం ఖజానాది, అంటే తెలంగాణా రైతు కట్టిన శిస్తు. రైతు మీద పేల్చడానికి అతని శిస్తుతోనే తూటాలు విమానమెక్కి వచ్చాయి.

చట్టం ఏమంటుంది? 1944 నాటి షికాగో ఒప్పందం 35వ అధికరణం ప్రకారం, ఒక దేశపు అనుమతి లేకుండా దాని నేలమీదుగా యుద్ధసామాగ్రి మోసే విమానం పోరాదు. ఆ ఒప్పందం 1947లోనే అమలులోకి వచ్చింది. కాటన్ దాన్ని ఎన్నిసార్లు ఉల్లంఘించాడో రాత్రులు లెక్కబెట్టుకోవాలి. భారత ప్రభుత్వం ఇంగ్లండుకు నిరసన తెలిపింది. చివరికి అతన్ని లండను కోర్టులో నిలబెట్టారు, విమానయాన నిబంధనలు మీరినందుకు. జరిమానాతో సరిపోయింది. తర్వాత అతను ఆ సాహసాలను తన జీవితకథలో చెప్పుకున్నాడు కూడా. జగ్గయ్యపేట దారిలో మూట మోసిన కుర్రవాడికి ఏడేళ్ళు, విమానాల కొద్దీ మోసినవాడికి జరిమానా. ఇది నేను కల్పించిన పోలిక కాదు, రెండు చట్టాల్లోని శిక్షల పట్టిక.

హైదరాబాదు ప్రభుత్వపు వాదన కూడా చదివాను. తమది సర్వసత్తాక రాజ్యమనీ, తమ సైన్యానికి అందవలసిన ఆయుధాలను భారత ప్రభుత్వం నిలిపివేసిందనీ, గనుక వేరేచోట కొనుక్కునే హక్కు తమకున్నదనీ. ఆగస్టు 21న భద్రతామండలికి ఫిర్యాదు పంపింది. మండలి సెప్టెంబరు 16న పారిసులో కూర్చుని దాన్ని చర్చనీయాంశాల్లో చేర్చింది. అప్పటికి భారత సైన్యం హైదరాబాదులో ప్రవేశించి మూడు రోజులయింది. మర్నాడు నిజాం లొంగిపోయాడు. వారం తిరక్కుండా ఫిర్యాదును ఉపసంహరించుకున్నాడు. హైదరాబాదుకు రాజ్యప్రతిపత్తి లేనేలేదని మన పక్షాన రామస్వామి మొదలియార్ వాదించాడు. మండలి మాత్రం ఆ ప్రశ్నకు అవుననీ చెప్పలేదు, కాదనీ చెప్పలేదు. కనుక మా విద్యార్థి అడిగిన దానికి - అది అంతర్జాతీయ సరిహద్దేనా అన్నదానికి - అధికారికమైన జవాబు ఇంతవరకు లేదు. ప్రీవీ కౌన్సిలు 1897లో ఆవలి నేల అన్నది, ఢిల్లీ 1948లో మన నేలే అన్నది, ఆయుధాల చట్టం రెండు సందర్భాల్లోనూ మూట మోసినవాణ్ణి నేరస్థుడే అన్నది.

సెప్టెంబరు తర్వాత సరిహద్దు పోయింది. పోరాటం 1951 అక్టోబరు వరకు సాగింది. అది కొనసాగించవలసిందా లేదా అన్న వివాదంలోకి ఇక్కడ దిగను. దిగితే ఈ వ్యాసం మిగలదు, మనలో కొందరి స్నేహాలూ మిగలవు.

1959లో కొత్త ఆయుధాల చట్టం వచ్చింది. పాతదానిలోని జాతి, హోదా వాసనలు పోగొట్టామన్నారు. కొంత పోయిందని ఒప్పుకోవాలి. కాని పదవ సెక్షను తెరిచి చూడండి. ఎగుమతి దిగుమతులకు లైసెన్సు కావాలి. సొంత వాడకానికి 'సహేతుకమైన పరిమాణం' అయితే వెసులుబాటు. కేంద్రప్రభుత్వం పేర్కొన్న దేశాలనుంచి వచ్చే నిజమైన యాత్రికుడు వినోదపు వేటకోసం తుపాకీ తూటాలూ లైసెన్సు లేకుండానే వెంట తెచ్చుకోవచ్చు. అనుమానం వస్తే కస్టమ్సు అధికారి ఆపి ఢిల్లీకి రాస్తాడు. 1878 నాటి వేటదొర టోపీ మార్చుకుని అదే వాక్యంలో కూర్చుని ఉన్నాడు. మునగాల వివరణ కూడా పోలేదు. మధ్యలో పరాయి నేల దాటి ఒక భాగంనుంచి మరొక భాగానికి పోతే ఎగుమతీ దిగుమతీ అయినట్లేనని ఒక ఉపసెక్షనుగా చేరింది. మునగాల నల్లగొండలో కలిసిపోయినా ఆ వాక్యానికి పని తప్పలేదు. కూచ్‌బిహారు దగ్గర బంగ్లాదేశ్ నేలలో చిక్కుకున్న మన ఊళ్ళు 111, మన నేలలో చిక్కుకున్న వారి ఊళ్ళు 51. 2015లో మార్చుకునేదాకా ఆ ప్రజలు పరిటాల రైతులాగే బతికారు, అంతకంటె కష్టంగా.

ఇటీవలి కేసు ఒకటి చెప్పకుండా ఉండలేను. 2013 అక్టోబరులో తూత్తుకుడి సమీపంలో 'సీమన్ గార్డ్ ఓహయో' అనే ఓడను మన తీరరక్షక దళం పట్టుకుంది. సముద్రపు దొంగలనుంచి సరుకు ఓడలను కాపాడే కిరాయి కాపలాదార్లు అందులో ఉన్నారు. 35 తుపాకులు, ఐదువేలు దాటిన తూటాలు, 35 మంది మనుషులు - ఎస్తోనియావారు, ఇంగ్లీషువారు, ఉక్రెయిన్‌వారు, మన భారతీయులు. ఇంధనం కోసం, తుపాను భయంతో తీరానికి వచ్చామని వారి వాదన. హైకోర్టు 2014లో ఆయుధాల అభియోగం కొట్టివేసింది, సుప్రీంకోర్టు 2015లో విచారణ జరగాలన్నది, 2016 జనవరిలో తూత్తుకుడి కోర్టు ఐదేళ్ళ ఖైదు వేసింది, 2017 నవంబరులో మదురై బెంచి అందరినీ విడుదల చేసింది. నాలుగేళ్ళు! వారిలో చాలామంది పాత సైనికులు, నావికులు, నెలజీతానికి కుదురుకున్నవాళ్ళు. కిరాయి కాపలా అనే వ్యాపారం మీద నాకేమీ ప్రేమ లేదు. ఐనా ఆ 35 మందిని తలుచుకుంటే రాడా కంపెనీ బండ్ల పక్కన నడిచిన కూలీలే నాకు గుర్తుకు వచ్చారు. తూటాలు ఎవరివి, ఎవరి లాభానికి సముద్రం మీద తిరిగాయి అన్న ప్రశ్న విచారణలో పక్కకు పోయి, వాటి పక్కన ఎవరు నిలబడి ఉన్నారన్నదే నాలుగేళ్ళు నడిచింది.

2013లోనే ఐక్యరాజ్యసమితి ఆయుధ వ్యాపారం మీద ఒక ఒప్పందం ఆమోదించింది. ఓటింగులో ఇండియా తటస్థంగా ఉండిపోయింది, ఎగుమతి చేసే రాజ్యాలకే అధికారమంతా కట్టబెట్టారని. ఆ అభ్యంతరంలో నిజం ఉంది. ఆ ఒప్పందంలో తుపాకులకు ఉన్నన్ని కట్టుబాట్లు తూటాలకు లేవు. తుపాకుల ఎగుమతికి లెక్కలు రాసి ఉంచాలన్న నియమం తూటాలకు వర్తింపజేయలేదు. లెక్క చెప్పవలసిన అవసరం దళ నాయకుడికే గాని ఫ్యాక్టరీవాడికి లేదు కాబోలు.

మా విద్యార్థిది కోదాడ. ఇదంతా చెబితే ఓపికగా విని, "నాకా ఎక్కడ ఉండేదో మా ఊళ్ళో ఎవరికైనా గుర్తుంటుందంటారా?" అని అడిగాడు. సెలవులకు ఇంటికి పోయినప్పుడు తొంభై దాటిన ముసలివాళ్ళను వెదికి కనుక్కోమన్నాను. జగ్గయ్యపేటనుంచి కోదాడకూ, కోదాడనుంచి మునగాలకూ కాలిదారి ఎటునుంచి పోయేదో, రాత్రి ఎంతసేపు పట్టేదో, మూటలు ఆడవాళ్ళు కూడా మోసేవారేమో అడిగి రాసుకురమ్మన్నాను. ఆ కాగితాలు వస్తే వచ్చే సంచికకు పంపిస్తాను.